‘హ్యాబిట్’ అంటే మందు, సిగరెట్టేనా?

గోదావరిఖనిలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు జీతమెంత, ఏ బాయిల పని, క్వార్టర్ ఉందా అన్న ప్రశ్నలన్నీ అయిపోయాక, గొంతు కాస్త తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది.

“పిలగానికి హ్యాబిట్స్ ఏమన్న ఉన్నయా?”

“అసలే లేవు బావా. చాయ్ తప్ప ఏం ముట్టడు.”

ఈ మాట నేను ఎన్ని ఇళ్లల్లో విన్నానో లెక్కలేదు. ఇక్కడ హ్యాబిట్స్ అంటే మందు, సిగరెట్, గుట్కా, పేకాట. అడిగినవాళ్లకీ చెప్పినవాళ్లకీ అర్థమైపోయింది కాబట్టి గొడవ లేదు. కానీ ఇదే మాట ఇంగ్లిష్ ఇంటర్వ్యూలో ‘ఐ హ్యావ్ నో హ్యాబిట్స్’ అని చెప్పారనుకోండి, అవతలివాడికి వింతగా ఉంటుంది. పొద్దున లేచి పళ్లు తోముకోవడం కూడా హ్యాబిట్టే మరి! ‘ఐ డోంట్ డ్రింక్ ఆర్ స్మోక్’ అనండి, సరిపోతుంది. అందుకే ఈ వారం మన మాట: హ్యాబిట్.

దీని మూలం లాటిన్. ‘కలిగి ఉండటం, పట్టుకుని ఉండటం’ అనే అర్థమున్న మాట నుంచి పుట్టి, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదట్లో దీనికి వేసుకునే బట్టలు అనే అర్థం కూడా ఉండేది. క్రైస్తవ సన్యాసినులు వేసుకునే పొడవాటి అంగీని ఇంగ్లిష్‌లో ఇప్పటికీ హ్యాబిట్ అనే అంటారు. ఒంటి మీద బట్ట ఉన్నట్టు మనకు గుర్తుండదు కదా, అలవాటూ అంతే.

ఇక వాడకం. పదే పదే చేస్తూ, ఆలోచించకుండానే చేసేసే పని హ్యాబిట్. ‘లేటుగా వచ్చే అలవాటు’ అనాలంటే ‘ద హ్యాబిట్ ఆఫ్ కమింగ్ లేట్’ అనాలి. ‘హ్యాబిట్ టు కమ్’ కాదు. మానేస్తే ‘బ్రేక్ ద హ్యాబిట్’ లేదా ‘కిక్ ద హ్యాబిట్’. ఇంకో సంగతి, హ్యాబిట్ వేరు, హాబీ వేరు. తీరిక దొరికితే ఇష్టంగా చేసేది హాబీ. రెజ్యూమేలో రాసేది దాన్నే. రోజంతా రీల్స్ చూడటం మీ హాబీయా, హ్యాబిట్టా అన్నది మీ మనస్సాక్షికే వదిలేస్తున్నా.

అసలు చిక్కు మన తెలుగు మాటతో. ‘అలవాటు’ అనే ఒక్క మాటను మనం రెండు పనులకు వాడతాం. ఒకటి, నేను చేసేది. రెండు, నేను ఓర్చుకోవడం నేర్చుకున్నది. మొదటిదే హ్యాబిట్. రెండోది ‘యూజ్డ్ టు’, పలకడం మాత్రం ‘యూస్ట్ టు’. ‘నాకు నైట్ షిఫ్ట్ అలవాటే’ అనడానికి ‘ఐ యామ్ యూజ్డ్ టు నైట్ షిఫ్ట్స్’ అనాలి. నైట్ షిఫ్ట్ ఎవరికీ హ్యాబిట్ కాదు, దానికి ఒళ్లు అలవాటు పడుతుంది, అంతే. మధ్యలో ‘యామ్’ ఎగిరిపోయి ‘ఐ యూజ్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్’ అయిందో, ‘ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు చేయడం లేదు’ అనే అర్థం వస్తుంది. చిన్న మాట పోతే ఉన్న డ్యూటీ కాస్తా పాతకథ అయిపోతుంది.

ఈ తేడా బాయిలో పనిచేసేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భూమి లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పును రాడ్‌తో తట్టి చప్పుడు వింటారు. గట్టిగా మోగితే సరే. బోలుగా వినిపిస్తే ఆ రాయి వదులైందని అనుమానం. రోజూ తట్టి చూడటం హ్యాబిట్. బోలు చప్పుడు విని కూడా ‘ఇది రోజూ ఉండేదేలే’ అనుకోవడం యూజ్డ్ టు. మొదటి అలవాటు ప్రాణం కాపాడుతుంది. రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. తెలుగులో రెంటినీ అలవాటే అంటాం.

ఇప్పుడు హ్యాబిట్‌కు పెద్దన్న లాంటి మాట ఒకటి చూద్దాం: హ్యాబిచువల్. పారిశ్రామిక కార్మికుల కోసం 1946లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో, దుష్ప్రవర్తన జాబితాలోనే ఈ మాట కనిపించేది. ‘హ్యాబిచువల్ లేట్ అటెండెన్స్’ అంటే అలవాటుగా ఆలస్యంగా రావడం. ‘హ్యాబిచువల్ ఆబ్సెన్స్ వితౌట్ లీవ్’ అంటే సెలవు పెట్టకుండా అలవాటుగా డుమ్మా కొట్టడం. బొగ్గు బాయిల భాషలో నాగాలు. ఛార్జిషీట్‌లో ఈ మాట పడిందంటే ఉద్యోగం దాకా పోవచ్చు.

గమనించండి, ఆ మాటలో అంకె లేదు. 1952 నాటి మైన్స్ యాక్ట్ జీతంతో కూడిన వార్షిక సెలవుకు భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదికి 190 హాజర్లు, మిగతావాళ్లకు 240 అని లెక్క చెప్పేది. అది అంకె. హ్యాబిచువల్ అంకె కాదు, మనిషి మీద వేసే ముద్ర. ‘ఇన్ని రోజులు రాలేదు’ అనడం వేరు, ‘రాకపోవడం ఇతని అలవాటు’ అనడం వేరు.

ఆ ముద్ర ఎంత దూరం పోతుందో తెలియాలంటే బాపట్ల పక్కన స్టూవర్టుపురం చూడాలి. పుట్టుకతోనే నేరస్తులని బ్రిటిష్ వాళ్లు ముద్ర వేసిన ఎరుకలవాళ్ల కోసం 1913లో సాల్వేషన్ ఆర్మీ పెట్టిన సెటిల్‌మెంట్ అది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. కానీ ‘హ్యాబిచువల్ అఫెండర్స్’ పేరుతో రాష్ట్రాల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. పేరు మారినా అనుమానపు చూపు అంత తేలిగ్గా మారలేదు.

ఈ సంగతి మీకెందుకంటే, నాయనకు ఛార్జిషీట్ వస్తే జవాబు టైప్ చేసేది ఇంట్లో ఫోన్ చేతిలో ఉన్న మీరే. నాయన ‘నడుం నొప్పితో పోలేకపోయిన, నైట్ షిఫ్ట్ అలవాటు కాలే’ అంటాడు. అందులో అలవాటు అన్న మాటను హ్యాబిట్ చేసి రాశారంటే, అవతలివాళ్లు మోపిన మాటను మీరే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. ఆయన చెప్పింది యూజ్డ్ టు గురించి. ఆరోపణలో ‘వితౌట్ సఫిషియెంట్ కాజ్’, అంటే తగిన కారణం లేకుండా అని కూడా ఉందేమో చూడండి. ఉంటే మీ జవాబులో సగం బలం అక్కడే. కారణం రాయండి, తేదీలు రాయండి, ఆసుపత్రి కాగితాలు జతచేయండి. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా డ్యూటీకి రానంత మాత్రాన అది కావాలని చేసిందే అనుకోలేమని, జబ్బులాంటి తప్పనిసరి కారణాలుంటే అది వేరని చెప్పింది. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసే అయినా, అందులో చూపిన తేడా మనకు గుర్తుండాలి.

జవాబు పంపే ముందు యూనియన్ ఆఫీసులో తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి. మీరు మాత్రం ‘అలవాటు’ అన్న మాట దగ్గర ఆగి, నాయన్నే అడగండి: “నువ్వు చేసేదా బాపూ, ఓర్చుకునేదా?” ఆయన చెప్పే జవాబును బట్టి ఇంగ్లిష్ మాట ఎంచుకోండి.