యంత్రానికి చదువు చెప్పిందెవరు?

మొన్నొక మధ్యాహ్నం పక్కింటి వదినె గుమ్మంలో నిలబడి, "తువ్వాళ్లు మడత పెడితే జీతమిస్తున్నరట గదా, టీవీల చెప్పిండ్రు. నిజమేనా?" అని అడిగింది. చేతిలో అప్పుడే తీగ మీంచి తీసిన బట్టలున్నాయి.

నిజమే. దుప్పట్లకూ తువ్వాళ్లకూ పేరుపడ్డ తమిళనాడులోని కరూర్‌లో కొందరు యువకులు నుదుటికి చిన్న కెమెరా కట్టుకుని పొద్దస్తమానం తువ్వాళ్లు మడత పెడుతున్నారని 2025లో పేపర్లలో వచ్చింది. ఆ వీడియోలు అమెరికాలో తయారవుతున్న రోబోలకు పాఠాలు. చెయ్యి ఎక్కడ పట్టుకుంది, ఎంత లాగింది, ముడత ఎలా సరిచేసింది... అన్నీ యంత్రానికి లెక్కలుగా మారతాయి.

ఎందుకింత అవస్థ అంటారా? కంప్యూటరుకు మాటలు నేర్పాలంటే పుస్తకాలున్నాయి, ఇంటర్నెట్ ఉంది. చేతిపని నేర్పాలంటే ఏ పుస్తకంలో ఉంది? చపాతీ పిండి ఎంత మెత్తగా ఉండాలో మనకు మాత్రం ఎవరైనా రాసిచ్చారా? ఆ తెలివి ఊరూరా, ఇంటింటా, చేతిచేతినా చెదిరి ఉంది. 2023లో 21 పరిశోధన సంస్థలు తమ దగ్గరున్న 22 రకాల రోబోలు చేసిన పనుల రికార్డులు, పది లక్షలకు పైగా, ఒక్కచోట చేర్చి చూశాయి. ఒక చోటి రోబో నేర్చుకున్నది ఇంకోచోటి రోబోకు అక్కరకొచ్చింది. అందుకే ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఈ చెదిరిన తెలివిని ఏరుకునే పనిలో పడ్డాయి.

"అయితే మనమంత పంతులమ్మలమే!" అని నవ్వింది వదినె. నేనూ నవ్వాను గానీ, ఆలోచన మాత్రం బాయి వైపు పోయింది. గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని, ఇంకెటు పోతుంది?

మా నాయిన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో చేశాడు. చివరి సంవత్సరాల్లో సర్దార్. కొసకు ఇనుప పొన్ను వేసిన కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు వినేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన కప్పు డొల్ల కుండలా పలుకుతుంది. "కప్పు మాట్లాడ్తది బిడ్డా, ఇనేటోడుండాలె" అనేవాడు. ఎన్ని షిఫ్టులు విన్నాడో! రిపోర్టు పుస్తకంలో మాత్రం రాసేది రెండే ముక్కలు: పని స్థలం చూశాను, కప్పు బాగుంది. ఆయన విన్న చప్పుడు అందులో లేదు. రిటైరై ఇంటికొచ్చినప్పుడు అదీ ఆయనతోపాటే వచ్చేసింది.

ఇప్పుడు ఆ వినే పని యంత్రం చేస్తోంది. రామగుండంలోనే, 1983లో జీడీకే-7 ఇంక్లయిన్‌లో మొదటిసారి లాంగ్‌వాల్ యంత్రం దిగింది. 2014లో అడ్రియాల ప్రాజెక్టు వచ్చింది. రెండు వందల యాభై మీటర్ల పొడవు బొగ్గు గోడ. దాన్ని కోస్తూ పోయే షియరర్. నెత్తిమీద కప్పును మోస్తూ, బొగ్గు కోసినకొద్దీ ముందుకు జరిగే నూరుకు పైగా ఉక్కు షీల్డులు. ఒక్కొక్క షీల్డు కాలిలో ఒత్తిడి ఎంతుందో చెప్పే సెన్సర్లు. పైన కంప్యూటరు ముందు కూర్చున్నవారికి అడుగున కప్పు బరువు తెర మీద కనిపిస్తుంది. నాయిన కర్ర చేసిన పనే, కాకపోతే నూరు చోట్ల, క్షణక్షణం.

మంచిదే కదా అంటారు. మంచిదే. యంత్రం వద్దని నేననను. ఆ కష్టం చూసినవాళ్లెవరూ అనరు. 2003 మా ప్రాంతం మరిచిపోలేని ఏడు. జూన్ 16న జీడీకే-7 ఎల్ఈపీలో పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 17 మంది పోయారు. ఆ ఏడే అక్టోబరులో జీడీకే-8ఏలో కప్పు కూలి 10 మంది పోయారు. పాత పనులెక్కడ, నీళ్లెక్కడ, పక్కబాయి గోడ ఎంత మందం... ఇవన్నీ సర్వే ప్లాన్లలో, పాత రిజిస్టర్లలో, రిటైరైన పెద్దమనుషుల జ్ఞాపకాల్లో తలా ఒక ముక్కగా ఉంటాయి. చెదిరి ఉన్న సమాచారం ఒకచోట కలవకపోతే ఏమవుతుందో మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అట్లాగని సెన్సర్లుంటే అంతా క్షేమమనుకోవడానికీ లేదు. 2022 మార్చి 7న అదే అడ్రియాలలో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. ఇద్దరు అధికారులు, ఒక కాంట్రాక్టు కార్మికుడు. ఆ అధికారుల్లో ఒకరు రక్షణ విభాగం చూసేవారే. ఎంత గొప్ప యంత్రమైనా తాను చూస్తున్న చోటు సంగతే చెబుతుంది.

పోయిన ఏడాదుల్లో ఇంకొకటి చూశాం. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు మన సింగరేణి రెస్క్యూ వాళ్లూ వెళ్లారు. మార్చిలో హైదరాబాదు నుంచి రోబోలను కూడా తెప్పించారు. కేరళ పోలీసు కుక్కలు వాసన పట్టి చోటు చూపించాయి. ఆ నెలాఖరుకు ఇద్దరి దేహాలు దొరికాయి. బురద, విరిగిన ఇనుము, ఊట నీరు... అట్లాంటి సొరంగాన్ని అంతకుముందు చూసిన రోబో ఏది? ఆ బురదలో అడుగెలా వెయ్యాలో తెలిసింది బాయి మనుషులకే. వాళ్లు అక్కడ నేర్చిందంతా పద్ధతిగా రాసి పెడితే, రేపటి రోబోకు అంతకన్నా పెద్ద బడి లేదు.

సరే, ఈ సమాచారమంతా కుప్ప పోసి ఎవరి చేతికిద్దాం? చిక్కంతా ఇక్కడే ఉంది. కుప్ప పోయనక్కర్లేకుండా నేర్పే పద్ధతి ఒకటి గూగుల్ పరిశోధకులు 2016లో ప్రకటించారు. మరుసటి ఏడాది ఫోను కీబోర్డులో వాడి చూశారు. మనం ఆవకాయ పెట్టినప్పుడు జాడీని వీధిలోకి తీసుకుపోం కదా! "ఈసారి కాయ పులుపెక్కువ, ఉప్పు ఇంకో గుప్పెడు పట్టింది" అని కబురు మాత్రం చెప్పుకుంటాం. పది ఇళ్ల కబురు కలిస్తే పదకొండో ఇల్లాలికి పాళ్లు తెలుస్తాయి. ఇదీ అంతే. సమాచారం పుట్టినచోటే ఉంటుంది, యంత్రం అక్కడికక్కడే నేర్చుకుంటుంది, నేర్చుకున్న సారం మాత్రం పైకి పోతుంది.

వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ సారం పోయేదెక్కడికి? ఆస్ట్రేలియాలో గనుల ట్రక్కులు డ్రైవరు లేకుండా 2008 నుంచే తిరుగుతున్నాయి. పదిహేను వందల కిలోమీటర్ల దూరాన పెర్త్ నగరంలో కూర్చుని వాటిని చూసుకుంటారు. రేపు మన ఓపెన్‌కాస్టు డంపర్ల కథా అంతే అనుకోండి. మన డ్రైవరు వానాకాలం జారుడు రోడ్డు మీద బ్రేకు ఎలా వేశాడో, అడ్రియాలలో గోదావరి లోయ ఇసుకరాయి కప్పు ఏ ఒత్తిడికి విరిగిందో, ఆ పాఠమంతా యంత్రం అమ్మిన విదేశీ కంపెనీ తీసుకుని, దాంతో బాగుచేసిన యంత్రాన్ని తిరిగి మనకే ఎక్కువ ధరకు అమ్మితే? జాడీ మన ఇంట్లోనే ఉంది, నిజమే. రుచి మాత్రం వాళ్ల దుకాణానిది.

చట్టం కాపాడుతుందా? 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. చదివి చూశాను. ఉద్యోగానికి సంబంధించిన అవసరమైతే కార్మికుడి అంగీకారం లేకున్నా యజమాని అతని సమాచారం వాడుకోవచ్చని ఏడో సెక్షన్ చెబుతోంది. ఇక పేరు తీసేసి, ఎవరిదో పోల్చలేకుండా చేసిన స్టీరింగు తిప్పుడు, షీల్డు ఒత్తిడి వ్యక్తిగతమే కాదు గనక ఈ చట్టంలోకే రావు. ముప్పై ఏళ్ల అనుభవం ఎవరి ఖాతాలోనూ పడని సరుకన్నమాట!

ఇందులో ఆడవాళ్ల కేమిటి సంబంధం అని మా ఇంట్లో మగవాళ్లే అడిగారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మంది ఉండేవారు, బొగ్గు ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నులు. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీశారు, కంపెనీ మస్టర్లో ఉన్నవారు నలభై వేల చిల్లర. మిగతా చాకిరీలో ఎక్కువ భాగం కాంట్రాక్టు వాళ్లది. కొడుకు ఉద్యోగం, అల్లుడి షిఫ్టు, నెలసరి చీటీ... ఈ లెక్క తిరిగినప్పుడల్లా ముందు కదిలేది మా వంటిల్లే. పైగా 2019లో ఆడవాళ్లు సాంకేతిక, పర్యవేక్షణ పనులకు భూగర్భంలోకి దిగడానికి కేంద్రం అనుమతిచ్చింది. రేపు ఆ తెర ముందు కూర్చునేది మన బిడ్డే కావచ్చు.

2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికలైనప్పుడు సొంతిల్లు, వారసత్వ ఉద్యోగాలు, అన్నీ విన్నాం. యంత్రం నేర్చుకున్నది ఎవరిదన్న మాట నా చెవిన పడలేదు. గనిలో రక్షణ కమిటీ ఉంటుంది, అందులో కార్మికుల ప్రతినిధులుంటారు. వాళ్లు కొత్త యంత్రం ఒప్పందం వచ్చినప్పుడల్లా మూడు సంగతులు అడగాలని నా కోరిక. సెన్సర్ రికార్డు ఇక్కడే ఉంటుందా? ప్రమాదం తప్పినప్పుడు దొరికిన పాఠం పక్కబాయికీ, కాంట్రాక్టు కూలీకీ అదే రోజు చేరుతుందా? దాంతో కంపెనీ బాగుపడితే ఇక్కడి వాటా ఎంత?

వదినె మొగుడు కమిటీలో ఉన్నాడు. సాయంత్రం ఈ మూడూ ఒక కాగితం మీద రాసిచ్చాను. "ఆయన చదువడు గానీ, నేను అన్నం పెట్టేటప్పుడు చదివి వినిపిస్త" అని కాగితాన్ని బట్టల మడతలో పెట్టుకుని పోయింది.