విత్తనం వాళ్ళది... అప్పు మనది

మిరుగం దగ్గర పడితే తొర్రూరు విత్తనాల దుకాణాల ముందు ఒకటే ముచ్చట. "పోయినేడు ఏ కంపెనీది మంచిగ కాసిందే?" రెండెకరాల చెల్క ఉన్న రైతు నాలుగు ప్యాకెట్లు కొంటాడు. పత్తి ఏరినాక గింజ జిన్నింగు మిల్లుకు పోతుంది. మళ్ళీ మిరుగానికి మళ్ళీ దుకాణమే, మళ్ళీ అప్పే. 2025-26కు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర బీజీ-2 ప్యాకెట్టుకు 901 రూపాయలు.

ధనిక దేశాలు పేద దేశాలకు సాంకేతిక పరిజ్ఞానం అందించాలని పెద్ద సభల్లో చెబుతుంటారు. 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో బాగా వెనుకబడిన దేశాల కోసం ఆ మాట రాసి కూడా పెట్టారు. మన దేశం ఆ జాబితాలో లేదు. అయినా "అందించడం" అంటే ఏమిటో మన పత్తి చేనును చూస్తే చాలు, తెలిసిపోతుంది.

1997-98లో లద్దె పురుగు, మందుల అప్పులు కలిసి వరంగల్ జిల్లా పత్తి రైతుల ఉసురు తీశాయి. ఆ గాయం ఆరకముందే, 2002లో అమెరికా కంపెనీ మోన్‌శాంటో జన్యువుతో బీటీ పత్తి వచ్చింది. తొలి మూడు రకాలకు మన రాష్ట్రంలో 2005లో అనుమతి కొనసాగించలేదు. తర్వాత వచ్చినవి కాశాయి. శనగపచ్చ పురుగు తగ్గింది, కొన్నేళ్ళు మందు కొట్టుడు కూడా తగ్గింది. ఆ మేలు కాదనడం న్యాయం కాదు. కానీ అప్పట్లో ప్యాకెట్టు ధర 1,600 రూపాయల పైమాటే. అందులో సగానికి పైగా జన్యువు రుసుమే! 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ దాకా వెళ్ళి కొట్లాడితే ధర 750కి దిగింది. రైతు ఒక్కడే అడిగి ఉంటే దిగేదా?

రైతు సోదరులు గమనించవలసిన సంగతి మరొకటుంది. బీజీ-2 పేటెంటు 2019లో ముగిసింది, 2020 నుంచి రుసుము సున్నా. మరి గింజ మన చేతికి వచ్చిందా? రాలేదు. ఎందుకంటే అది హైబ్రిడ్. దాచి వేస్తే మొక్కలు ఒకతీరుగా రావు. పేటెంటు కన్నా గట్టి తాళం ఇది. దీనికి తోడు హైబ్రిడ్ కాయలో కొన్ని గింజల్లోనే ఆ విషం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. పైగా పంట సంక్రాంతి దాటినా చేనులోనే ఉంటుంది. గులాబీ రంగు పురుగు అలా అలవాటు పడి విషాన్ని తట్టుకుంది. చుట్టూ వేయమని ఇచ్చిన మామూలు విత్తనాన్ని మనమూ పారేసినం, ఆ తప్పు మనది కూడా.

చైనా అట్ల చేయలేదు. అక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు సొంతంగా బీటీ జన్యువు తయారుచేసుకున్నారు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో నిజంగానే బాగా వెనుకబడిన దేశం. 2008లో అక్కడి రైతులు ఇదే కంపెనీ జన్యువున్న పత్తి వేశారు. పురుగు తగ్గింది గానీ నార పొట్టిదైంది, బజారులో పేరు పోయింది. 2016కల్లా ఆ విత్తనం మానేశారు. జన్యువు వెళ్ళింది గానీ, తమ రకానికి తగ్గట్టు దాన్ని సరిచేసుకునే పట్టు వాళ్ళ చేతికి రాలేదు.

ఇక బిల్లు లేకుండా రాత్రిపూట అమ్మే, కలుపు మందు తట్టుకునే ప్యాకెట్ల సంగతి. అనుమతి లేని ఆ విత్తనం మొలవకపోతే ఎవరిని అడుగుతాం?

మన దగ్గర దారి లేక కాదు. ప్రపంచంలో మొదటి వాణిజ్య పత్తి హైబ్రిడ్ 1970లో సూరత్‌లో మనవాళ్ళు తీసిందే. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సూరజ్ బీటీ, రజత్ బీటీ వంటి సూటి రకాలు విడుదల చేసింది. వాటి గింజ దాచుకోవచ్చు, పక్క రైతుకు ఇవ్వవచ్చు. 2001 చట్టం ఆ హక్కు ఇచ్చింది. తక్కువ కాలపు రకాన్ని దగ్గర దగ్గరగా వేస్తే చేను తొందరగా ఖాళీ అవుతుంది, గులాబీ పురుగుకు తిండి దొరకదు. దిగుబడి హైబ్రిడ్ అంత రాకపోవచ్చు, ఖర్చు తీసి లెక్క చూసుకోవాలి.

కొనుగోళ్ళు మొదలుకాకముందే, ఎండాకాలంలోనే రైతు వేదికకు పదిమంది కలిసి పోండి. మన చెల్కకు పనికొచ్చే సూటి బీటీ రకం ఏది, దాని గింజ ఎన్ని కిలోలు ఇస్తారు, ఎప్పుడిస్తారు అని వ్యవసాయ అధికారిని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.