మిద్దెకు దూలమే దిక్కు!

పెనుకొండ పల్లెల్లోని మట్టి మిద్దెకీ, ఇంగ్లండు పల్లెటూరి పాత పబ్బుకీ పోలికేమిటి అంటారా? ఉంది. రెండింటి బరువునూ మోసేది గోడకన్నా ఎక్కువగా కలపే!

హిందూపురం, ధర్మవరం వైపు పాత మిద్దెల్లోకి తొంగిచూడండి. నేల మీద కంబాలు, వాటిపై దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు. ఆపైన కట్టెలు పేర్చి, ఆకూ అలమూ పరిచి, మన్ను తొక్కి, చివరగా చౌడు పోస్తారు. చౌడు వాన నీటిని తొందరగా లోపలికి దిగనివ్వదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే కాబట్టి చదునైన కప్పు సరిపోయింది. వెలుగు కోసం కప్పులో గవాక్షం, ఇంట్లోనే పశువులకు గాటిపాడు!

ఇంగ్లండులోని వూస్టర్‌షైర్ కౌంటీలో, బ్రెట్‌ఫర్టన్ అనే ఊళ్లో ‘ఫ్లీస్ ఇన్’ ఉంది. అదీ మొదట రైతు ఇల్లే. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవారు. 1848లో పబ్బుగా మారింది. ఆ కాలపు ఇళ్లకు కలప చట్రమే అస్థిపంజరం. ఒక దుంగ కొనను సన్నగా చెక్కి, ఇంకో దుంగలో తొలిచిన రంధ్రంలోకి దూర్చి, చెక్క మేకు బిగించేవారు. మధ్య ఖాళీల్లో తడికెలు అల్లి మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తేవారు. అక్కడ వాన ఎక్కువ, అందుకే ఏటవాలు కప్పు.

ఇంతవరకూ ఇద్దరిదీ ఒకటే తెలివి. తేడా ఆ తరవాతే. 1977లో ఫ్లీస్ యజమానురాలు లోలా టాప్లిన్ చనిపోతూ దాన్ని నేషనల్ ట్రస్టుకు రాసిచ్చారు. 2004లో మంటల్లో గడ్డికప్పు కాలిపోతే, బాగుచేసి మళ్లీ తెరిచారు. ఇప్పటికీ అక్కడ జనం కూర్చుంటారు, పొయ్యి వెలుగుతుంది. వాడుకలో ఉంది కాబట్టే బతికింది.

మన మిద్దె సంగతో? పిల్లలు పట్నం పోతారు, చౌడు వేసేవాళ్లుండరు. నీరు దిగి దూలం నానుతుంది, చెద పడుతుంది. ఓ ముసురు రాత్రి కప్పు కూలి ప్రాణాలు పోయిన వార్తలు మనకు కొత్త కాదు. నేరం మట్టిది కాదు, మరిచిపోయిన మరమ్మతుది.

మీ ఊళ్లో అలాంటి మిద్దె ఉంటే వానలకు ముందే చూడండి. దూలం గోడలో దూరిన చోట గట్టిగా తట్టండి. డొల్లగా మోగితే ఆ గదిలో పడుకోవద్దు, వడ్రంగిని పిలవండి. గట్టిగా ఉంటే మాత్రం పడగొట్టే తొందరొద్దు. నాలుగు గంపల చౌడు చాలు, తాతల ఇల్లు మనవళ్లకూ నీడనిస్తుంది.