డైట్ చార్టులో కర్త ఎవరు?

గత ఏడాది మా అమ్మ కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళింది. కళ్ళ డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, "మీకు షుగర్ ఎన్నేళ్ళ నుంచి ఉందమ్మా?" అని అడిగారు. తనకు షుగర్ ఉందని అమ్మకు తెలీదు. ఉన్నది నాన్నకి. పదకొండేళ్ళుగా నాన్న షుగర్ ఎప్పుడు ఎంత ఉందో, ఏ మాత్ర తిండికి ముందో, ఏది తర్వాతో తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి, తన రక్తం ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు. అప్పటికే రెటీనా దెబ్బతినడం మొదలైంది.

అక్కడి నుంచి షుగర్ డాక్టరు దగ్గరకీ, ఆయన దగ్గర నుంచి డైటీషియన్ దగ్గరకీ వెళ్ళాం. ఆ అమ్మాయి ఒక అచ్చు కాగితం అమ్మ చేతిలో పెట్టి, అలవాటుగా, "ఇది ఇంట్లో వాళ్ళకి చూపించండి, దీని ప్రకారం చేసి పెట్టమనండి" అంది. అమ్మ నవ్వింది. "ఇంట్లో వాళ్ళంటే నేనేగదమ్మా" అంది.

సాహిత్య పరిశోధన చేసినవాళ్ళకి ఏ కాగితం చేతికొచ్చినా పాఠ్యంగా చదివే జబ్బు ఒకటి అంటుకుంటుంది. బస్సులో కూర్చుని ఆ డైట్ చార్టునీ అలాగే చదివాను. ఉదయం 6కి నానబెట్టిన బాదంపప్పులు. 6.30 నుంచి 45 నిమిషాలు నడక. 8కి కూరగాయలు తరిగి వేసిన జొన్నరవ్వ ఉప్మా, లేదా మొలకెత్తించిన పెసలు. 11కి ఒక పండు. 1కి రెండు పుల్కాలు, ఉడికించిన కూర, పలచగా చిలికిన మజ్జిగ. సాయంత్రం వేయించిన సెనగలు. రాత్రి 7.30కి మళ్ళీ పుల్కాలు. అన్నిటికీ కింద పెద్ద అక్షరాలతో, "మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది."

నానబెట్టిన, తరిగిన, మొలకెత్తించిన, ఉడికించిన, చిలికిన. వీటిని మన వ్యాకరణంలో ధాతుజ విశేషణాలంటారు. క్రియలోంచి పుట్టి నామవాచకం ముందు కూర్చుంటాయి. కర్త పేరు చెప్పకపోయినా వాక్యం ఏమీ వెలితి పడదు. బాదంపప్పులు నానబెట్టి ఉన్నాయి, అంతే. ఎవరు నానబెట్టారన్నది వాక్యానికి అక్కర్లేదు. ఆరోగ్యం గురించి ఈ ఇరవై ఏళ్ళలో మన పత్రికలూ టీవీ ఛానెళ్ళూ డాక్టర్లూ చెప్పిన మాటలన్నీ ఈ వ్యాకరణంలోనే ఉన్నాయి. తినేవాడికి మాత్రం ఒక శరీరం ఉంటుంది. వండే శరీరం విశేషణంలోకి మాయమైపోతుంది. ఆ వండే శరీరానికే జబ్బు చేసినప్పుడు ఏం చెయ్యాలో ఈ భాషకి తెలీదు. అందుకే ఆ డైటీషియన్ రోగినే ఇంట్లో వాళ్ళకి చెప్పమంది.

నాన్నకి షుగర్ అని తెలిసినప్పుడు వారం తిరక్కుండా మా వంటిల్లు మారిపోయింది. తెల్లన్నం తగ్గింది, పుల్కాలొచ్చాయి. ఒకాయన ఉప్పూ నూనే లేకుండా వండమంటే అలా వండింది అమ్మ. మరొకాయన అన్నమే విషం, కొబ్బరినూనె తాగమంటే కొన్నాళ్ళు అదీ నడిచింది. ఇంకొకాయన సిరిధాన్యాలూ ఆకుల కషాయాలూ అంటే పొద్దున్నే కషాయం కాచింది. తెలుగునాట ఈ ఆహార గురువులు ఒక్కొక్కరూ ఒక్కో ఉద్యమంలా వచ్చారు. సభలకు జనం విరగబడ్డారు. ప్రతి గురువూ మారినప్పుడల్లా లక్షలాది ఇళ్ళల్లో ఆడవాళ్ళు రెండేసి వంటలు చేశారు, గురువుగారి పద్ధతిలో ఒకటి, మిగిలిన వాళ్ళకి ఒకటి. వాళ్ళు మాత్రం రెండింట్లోనూ ఏది మిగిలితే అది తిన్నారు. ఈ చాకిరీ గురించి ఏ వేదిక మీదా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

అమ్మకి షుగర్ అని తెలిశాక వంటింట్లో ఏమీ మారలేదు. మార్చాల్సింది ఆవిడే మరి. "నా ఒక్కదాని కోసం ఏం చేసుకుంటాంలే" అంది. ఈ మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలో మనకందరికీ తెలుసు.

నడక సంగతి చూద్దాం. నాన్న రోజూ లకారం చెరువు కట్ట మీద నడుస్తారు. స్నేహితులుంటారు, కబుర్లుంటాయి, వచ్చేసరికి టీ ఉంటుంది. అమ్మ సాయంత్రం చీకటి పడ్డాక డాబా మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతుంది. కింద కుక్కర్ మూడో విజిల్ వేస్తే దిగి వస్తుంది. పొద్దున్నే రోడ్డు మీద నడవాలంటే మెళ్ళో గొలుసు భయం, వెనక బండి చప్పుడు భయం, "పొద్దున్నే షికార్లా" అనే చూపులు. అన్నిటికంటే ముందు, ఆ గంట ఇంట్లో టీ ఎవరు పెడతారన్న ప్రశ్న.

లెక్కలు చెప్పుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు జీతం లేని ఆ పనికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. అదే ఏడాది లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం, 2022 నాటికి మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేనివాళ్ళు స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం అని చెప్పింది. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింతల పైన పని చేసేవాళ్ళకే "ఒళ్ళు కదలదు" అన్న పేరొచ్చింది. రెండు లెక్కలూ అబద్ధం కాదు. ఇంటిపనిని కూడా శారీరక శ్రమలో భాగంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు గుర్తిస్తాయి. అయితే వారానికి కనీసం 150 నిమిషాలు గుండె కాస్త వేగంగా కొట్టుకునే శ్రమ కావాలంటాయి, వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలంటాయి. స్టవ్ ముందు రెండు గంటలు నిలబడితే నడుము నొప్పి వస్తుంది, మడమలు నొప్పెడతాయి, కానీ గుండెకీ ఎముకకీ బలం రాదు. అలుపు మాత్రం వ్యాయామం చేసినంత వస్తుంది. అంత అలిసిపోయిన మనిషిని సోమరి అనడం కంటే అన్యాయం ఏముంటుంది?

ఇక కంచం. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యలక్ష్మి పథకం మొదలుపెట్టినప్పుడు, గర్భిణులకీ బాలింతలకీ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తూ, అంగన్‌వాడీలోనే కూర్చుని తినాలని నియమం పెట్టింది. ఇంటికి పంపితే అది ఆమె నోటిదాకా చేరదని అందరికీ తెలుసు కాబట్టి. ఇంట్లో ఆడమనిషి కంచం ఆమెది కాదన్న సత్యాన్ని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అయితే ఆ ఒప్పుకోలు కడుపుతో ఉన్నంతకాలమే, పాలిచ్చినంతకాలమే. అరవైకి దగ్గరపడిన మా అమ్మ కంచంలోకి తొంగిచూసే పథకం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశం మొత్తం మీద ఆ వయసు పురుషులలో 25 శాతం. అదే సర్వేలో అధిక బరువున్న స్త్రీలు ఆంధ్రలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అంటే లావుగా ఉన్నామని మాటలు పడుతున్న మనలో చాలామంది ఒంట్లో రక్తం లేనివాళ్ళమే. కడుపు అన్నంతో నిండుతోంది, పప్పూ గుడ్డూ మాంసమూ ఆఖరి కంచానికి చేరేసరికి అయిపోతున్నాయి. చవక తిండిగింజలతో కేలరీల లెక్క పూర్తిచేసి, పేదవాళ్ళకి పాలూ గుడ్డూ మాంసమూ అక్కర్లేదన్నట్టు మన పోషకాహార విధానం నడిచిందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. 2024లో అదే సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంటున్నాయి. మరి మన డైట్ చార్టుల్లో మొలకలే తప్ప ఎండుచేపలు ఎందుకుండవు? బోటీ కూర ఎందుకుండదు? మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుందని తెలిసి కూడా? ఆరోగ్యం అంటే సాత్వికం అని ఏ కులపు వంటింట్లో నిర్ణయమైందో అడగాల్సిన అవసరం ఉంది.

సిరిధాన్యాల కథా ఇలాంటిదే. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు డీడీఎస్‌తో కలిసి ఏళ్ళ తరబడి కొర్ర, సామ, జొన్న విత్తనాలు కాపాడుకుంటూ వచ్చాయి. అవి పేదల తిండిగా ఉన్నంతకాలం వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకి అందమైన ప్యాకెట్లలో మనకి దొరుకుతున్నాయి. దానితోపాటు ఒక పాట కూడా. మన అమ్మమ్మలు రోట్లో దంచారు, తిరగలి తిప్పారు, అందుకే ఉక్కులా ఉన్నారట! ఉక్కులా ఉన్న అమ్మమ్మలు గుర్తున్నారు సరే, కాన్పుల్లో పోయినవాళ్ళూ నలభైకే నడుం వంగినవాళ్ళూ ఎక్కడికి పోయారు? కొర్రలు చేత్తో దంచడం ఎంత చాకిరీయో తెలిసిన ఆడవాళ్ళే బియ్యం వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. చాకిరీని వ్యాయామమని పిలవడం, వ్యాయామానికి మాత్రం తీరిక ఇవ్వకపోవడం, రెండూ ఒకే పితృస్వామ్య నీతి.

ఇంతా చెప్పి మన సంగతి మాట్లాడకపోతే నిజాయితీ కాదు. 'సవాలక్ష సందేహాలు' లాంటి స్త్రీల ఆరోగ్య పుస్తకాన్ని తెచ్చుకున్న ఉద్యమం మనది. తర్వాత మనం శరీరం గురించి విపరీతంగా రాశాం, శరీరాన్ని మాత్రం వదిలేశాం. విమల 'వంటిల్లు' మీద పాఠాలు చెప్పాం, సెమినార్లలో సమోసాలతో మధ్యాహ్నాలు గడిపేశాం. స్త్రీల కవిత్వంలో దేహభాష గురించి నేను మూడువందల పేజీల సిద్ధాంతగ్రంథం టీ బిస్కెట్ల మీద బతుకుతూ రాశాను. సమర్పించిన నెలలో నా హిమోగ్లోబిన్ 8.6. ఒక మిత్రురాలు జిమ్‌లో చేరానంటే "నువ్వు కూడానా" అని వెటకరించినదాన్ని నేనే. వ్యాయామమంటే నాజూకుతనపు మార్కెట్ అని తప్ప మరోలా ఆలోచించలేకపోయాను. ఆ మార్కెట్ ఉంది, నిజమే. పెళ్ళికి ముందు ఆరు వారాల్లో అరడజను కిలోలు తగ్గిస్తామనే బోర్డులు ఊరూరా ఉన్నాయి. కానీ బరువులెత్తడం నేర్చుకుంటున్న స్త్రీని ఆ బోర్డుతో కలిపి కొట్టిపారేయడం మన బద్ధకం. మనలో వంటిల్లు వదిలి రాగలిగినవాళ్ళం దాన్ని ఇంకొక ఆడమనిషికి జీతానికి అప్పగించి వచ్చాం. మా ఇంట్లో వంట చేసే ఆమె నాలుగిళ్ళ మధ్య నడిచే నడకని ఎవరూ వాకింగ్ అనరు. ఆమె పొద్దున్న ఏం తిని వస్తుందో నేను అడిగింది ఈ మధ్యనే. టీ, రెండు రస్కులు.

"అయితే పితృస్వామ్యం పోయేదాకా షుగర్ మందులు మానేసి కూర్చోమంటారా?" అని అడగొచ్చు. లేదు. షుగర్‌కి మన సిద్ధాంతాలు తెలియవు. అమ్మ నడవాలి, వేళకి తినాలి, నేనూ నడవాలి. నేనంటున్నది ఒక్కటే. స్త్రీ ఆరోగ్యాన్ని ఆమె క్రమశిక్షణ సమస్యగా మాట్లాడటం మానేయాలి. అది సమయం సమస్య, కంచం సమస్య, రోడ్డు సమస్య. స్త్రీకి షుగర్ అని చెప్పే డాక్టరు ఆ ఇంట్లో మగవాళ్ళని పిలిచి వంట గురించి మాట్లాడాలి. పార్కుల్లోనూ చెరువు కట్టల మీదా దీపాలూ మరుగుదొడ్లూ ఉండాలి. పనిమనిషికి జీతంతో పాటు తీరిగ్గా కూర్చుని తినే పూట ఉండాలి. ఇక మనం, రచయిత్రులమూ అధ్యాపకులమూ, వేళకి తినడాన్ని స్వార్థంగా చూసే అలవాటు ముందు మనలోంచి తీసేయాలి.

ఆ డైట్ చార్టుని ఇప్పుడు మా వంటింటి గోడకి అంటించాను. ప్రతి పదార్థం పక్కనా ఎవరు చేస్తారో పెన్నుతో పేరు రాశాను. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన టీ తను పెట్టుకున్నారు. ఇప్పుడు అమ్మ కూడా పొద్దున్నే చెరువు కట్టకి వెళ్తోంది, పక్కింటి అత్తయ్యని వెంటబెట్టుకుని. బాదంపప్పులు నానబెట్టడం నాన్న వంతు. రోజూ మర్చిపోతారు. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ గుర్తుచేస్తుంది. గుర్తుచేయడం కూడా పనేనని ఆ కాగితం మీద ఇంకా రాయాల్సి ఉంది.