పెరటి పూలతో బతుకమ్మ

బతుకమ్మకు ఇంకా మూడు నెలలు వుంది గదా, ఆషాఢంలో ఆ ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చును. పండుగకు చీర కావాలంటే ముందురోజు సాయంత్రం బజారుకు వెళ్లినా దొరుకుతుంది. పెరట్లో పువ్వు అట్లా దొరకదు. దానికి ఇప్పుడే కబురు పెట్టాలి.

సికింద్రాబాదు శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక సోదరి పోయిన పండుగ తర్వాత పొడుగాటి ఉత్తరం రాశారు. ఇంటి ముందు పదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు మట్టినేల వదిలారట. అదిగాక మేడమీద ఏడెనిమిది కుండీలు. అత్తగారిది వరంగల్లు దగ్గర పల్లెటూరు. బజారులో కొన్న పూలను కోడలు పేరుస్తుంటే ఆవిడ చూసి, "కొన్న పూలు పేరిస్తే పండుగ ఎట్లయితది బిడ్డా" అన్నారట. పోనీ, వున్న నాలుగు పూలతో పేరుద్దామంటే, వీధిలో అందరూ నడుమెత్తు బతుకమ్మలు తెచ్చి నిలబెడతారు. మనది చిన్నదైతే నేను రానంటుంది పదేళ్ల కూతురు. ఇటు అత్తగారు, అటు కూతురు, నడుమ మూడడుగుల నేల. "ఇందులో బతుకమ్మకు సరిపడే పూలు పూస్తాయా?" అని ఆ సోదరి ప్రశ్న.

పూస్తాయి. అయితే ఎన్ని కావాలో, ఎప్పటికి కావాలో ముందు లెక్క చూసుకోవాలి.

కోస్తా జిల్లాల పాఠకులకు బంతి, గుమ్మడి పూలంటే సంక్రాంతి గొబ్బెమ్మలు గుర్తుకు వస్తాయి. తెలంగాణాలో ఆ పూల వైభవమంతా దసరా ముందే. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగిస్తారు. తాంబాళంలో పూలను వరుసమీద వరుసగా గోపురంలా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతూ పాడి, నీళ్లలో వదులుతారు. 2014లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. పూలకూర్పు అంటే జపానువాళ్ల ఇకెబానా గురించి పుస్తకాలు తిరగేస్తాం గాని, మన అమ్మమ్మలు ఏ పుస్తకమూ చూడకుండా చేసే పూలకూర్పు ఇది.

ఇక లెక్క. తొమ్మిది అంగుళాల పళ్లెం తీసుకోండి. దాని చుట్టుకొలత ఇరవై ఎనిమిది అంగుళాలు. ముద్దబంతి పువ్వు రెండంగుళాల వెడల్పు వుంటే ఒక వరుసకు పద్నాలుగు పూలు చాలును. పైకి పోయేకొద్దీ వరుస చిన్నదవుతుంది గదా. ఏడంగుళాల వరుసకు పదకొండు, అయిదంగుళాల వరుసకు ఎనిమిది. మూడు బంతి వరుసలకు కలిపి ముప్పైమూడు పూలు. పదడుగుల నేలలో అడుగున్నర ఎడంగా రెండు వరుసల్లో పన్నెండు మొక్కలు సుఖంగా పెరుగుతాయి. ఒక్కో మొక్క ఆ రోజుకు మూడేసి పూలు ఇచ్చినా లెక్క సరిపోయింది. మిగిలిన వరుసలు గునుగు, తంగేడు, శంఖుపూలు చూసుకుంటాయి. ఈ లెక్క మీ అమ్మాయి చేతనే వేయించండి. చుట్టుకొలత పాఠం ఇంతకంటె బాగా ఎక్కడా రాదు.

బంతి విత్తనం వేసిన నాటినించి పువ్వు విచ్చడానికి సుమారు రెండు, రెండున్నర నెలలు పడుతుంది. పండుగ తేదీనించి వెనక్కి లెక్కించుకోవాలి. ఇక్కడ ఒక చిక్కు వుంది. మన పండుగలు ఇంగ్లీషు తేదీలకు లోబడి రావు. 2023లో అధిక శ్రావణం రావడంవల్ల ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 14న వచ్చింది. 2025లో సెప్టెంబరు 21నే వచ్చేసింది. మూడు వారాలకు పైగా తేడా! నిరుడు ఫలానా తారీఖున విత్తనం వేశాం, ఈ ఏడూ అప్పుడే వేద్దామంటే పూలు పండుగకు ముందో తర్వాతో పూస్తాయి. అందుచేత పంచాంగం చూసి వేయండి. అన్నీ ఒకేసారి గాక, పదిహేను రోజుల తేడాతో రెండు విడతలుగా పోస్తే ఇంకా మంచిది. మొక్క జానెడు దాటి నిలదొక్కుకున్నాక కొసచిగురు తుంచెయ్యండి. చేతులు రావంటారు కొందరు. తుంచితేనే పక్కకొమ్మలు వేసి పూలు ఎక్కువవుతాయి. నీళ్లు నిలవకుండా మట్టిని కాస్త ఎత్తు చెయ్యండి. వానాకాలంలో బంతికి మొదటి శత్రువు పాదులో నిలిచిన నీరే.

గునుగు సంగతి వేరు. పొలాల్లో ఎవరూ వేయకుండానే మొలిచే కలుపుమొక్క అది. పట్నాల చుట్టూ పొలాలు ప్లాట్లయిపోయాయి. వున్న పొలాల్లో కలుపుమందులు కొడుతున్నారు. అందువల్లనే ఒకప్పుడు పిల్లలు గట్లమీద కోసుకువచ్చిన గునుగు ఇప్పుడు కట్టలుగా బజారుకు వస్తోంది. దీన్ని పెరట్లో వేసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఎండిన కంకిని అరచేతిలో నలిపితే నల్లగా మిలమిలలాడే సన్నని గింజలు రాలుతాయి. తొలకరి తర్వాత వాటిని మట్టిమీద చల్లి, పైపైన కప్పితే చాలును. లోతుగా పాతిపెడితే మొలవవు. ఎరువు దండిగా వెయ్యకండి. బలిసి ఆకు పెడుతుంది గాని కంకి ఆలస్యమవుతుంది.

తంగేడు మాత్రం తొందరపడే వాళ్లకు కాదు. రాళ్లనేలల్లో, ఎండలో, అడిగేవాళ్లు లేనిచోట పెరిగే పొద. తాడివేరు లోతుకు పోతుంది గనుక పీకి తెచ్చి నాటితే బతకడం కష్టం. విత్తనం గట్టిది, వేడినీళ్లలో వేసి ఒక రాత్రి నాననిచ్చి, దాన్ని వుంచదలచిన చోటనే పెట్టాలి. మొదటి ఏడే పూస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ప్రహరీగోడ మూలన ఒక్క పొద స్థిరపడిందంటే ఇక ఏటా బంగారమే. అందాకా తంగేడు కొనుక్కోండి. ఇక్కడ ఆ అత్తగారితో ఒక్క మాట విన్నవించుకోవాలి. పల్లెలనించి తెల్లవారుజామున తంగేడు మోపులు నెత్తిన పెట్టుకుని వచ్చి రోడ్డువారన కూర్చునే వాళ్లకు ఆ నాలుగు డబ్బులే పండుగ ఖర్చు. కొన్న పువ్వు తక్కువ పువ్వేం కాదు.

చామంతిని నమ్ముకుని కూర్చోకండి. రాత్రులు పొడుగవుతుంటే గాని అది మొగ్గ తొడగదు. మన ఇళ్లలో దాని అసలు కాలం కార్తికం, మార్గశిరం. ఇంకో విచిత్రం - వీధిదీపం వెలుగు రాత్రంతా పడేచోట వున్న చామంతి పక్కవాటికంటె ఆలస్యంగా పూస్తుంది. దానికి చీకటి కావాలి. అటువంటి కుండీ మీ ఇంట్లో వుంటే ఇవతలికి జరపండి.

గుమ్మడి పాదు నేలంతా పాకుతుందని భయమైతే గోడమీదికి ఎక్కించండి. పువ్వుకింద బుల్లికాయ వున్నది ఆడపువ్వు. దాన్ని కోస్తే కూర పోయినట్లే. సన్నని పొడుగు కాడతో నిలబడేది మగపువ్వు. అదే మనకు కావలసింది. రెండు మూడు మగపూలు మాత్రం తుమ్మెదలకోసం వదలండి. ఆకులు కూడా పారేసేవి కావు. తాంబాళంలో అడుగున పరవడానికి పనికివస్తాయి. కిటికీ వూచలకు శంఖుపూల తీగ ఒకటి పాకిస్తే నీలిరంగు కొరత వుండదు.

పూలు కోసే వరుస వేరు, పేర్చే వరుస వేరు. గునుగు రెండు మూడు రోజుల ముందు కోసినా చెక్కు చెదరదు. బంతిని ముందురోజు సాయంత్రం కాడతోసహా కోసి, బకెట్టు నీళ్లలో నిలబెట్టి నీడన వుంచవచ్చును. ముందురోజు కోసిన పూలతో పేర్చడంవల్లనే మొదటినాటి బతుకమ్మకు ఎంగిలిపూల పేరు వచ్చిందని చెప్పేవారున్నారు. గుమ్మడిపువ్వు తెల్లవారేసరికి విచ్చి, పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. పొద్దున్నే కోసి కాడ నీళ్లలో వుంచాలి. తంగేడు, శంఖుపూలు ఆనాడే కోయాలి, వడిలిపోతాయి. చంద్రకాంతలు సాయంత్రం నాలుగు దాటితే గాని కళ్లు తెరవవు. అవి చిట్టచివర. వాటి సన్నని గొట్టాలను ఒకదానిలో ఒకటి మెలివేస్తే దారం లేకుండానే జడలా వస్తుంది. గౌరమ్మ చుట్టూ ఆ జడ ఒక్కటి చుట్టండి, ఎంత అందంగా వుంటుందో!

ఇక పేర్చడం. పళ్లెం వ్యాసంలో సగం పొడుగున కాడలు వుండేటట్లు కత్తిరించుకోండి. తొమ్మిదంగుళాల పళ్లేనికి నాలుగున్నర అంగుళాలు. గుమ్మడాకులు పరచి, కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేటట్లు మొదటి వరుస పెట్టండి. కాడ లేని పూలను చిన్న పుల్లలకు గుచ్చుకోవచ్చును. నడుమ ఖాళీని గునుగు ఆకు, మిగిలిన కాడలు సన్నగా తరిగి నింపాలి. బతుకమ్మ ఒరిగిపోయిందని ఏటా ఎందరో బాధపడుతుంటారు. తప్పంతా ఈ నింపడంలోనే వుంటుంది. నడుమ పల్లంగా వుంటే పైవరుస లోపలికి కుంగుతుంది. నడుమ ఎత్తయితే పూలు బయటికి జారతాయి. ప్రతి వరుసకూ అరచేత్తో అదిమి, అంచుతో సమంగా వుందా అని చూసి, అప్పుడు రెండో వరుసకు పోవాలి. ఇది మీరు చదివి నేర్చుకునేదానికంటె అత్తగారిని పీటమీద కూర్చోబెట్టి, ఆవిడ చెబుతుంటే చేస్తే తొందరగా వస్తుంది. ఆవిడ కోపం కూడా అక్కడే చల్లారుతుందేమో.

గునుగుకు రంగులద్దే ఆచారం వుంది. రంగునీళ్లలో ముంచి ఎర్రగా, ఆకుపచ్చగా చేస్తారు. సరదాపడితే పసుపునీళ్లు, బీట్‌రూటు రసం వాడండి. బట్టలకు వేసే రంగులు చెరువులో కలపడమెందుకు? నన్నడిగితే గునుగును దాని మానాన వదిలెయ్యమంటాను. పసుపు వరుసకూ, నారింజ వరుసకూ నడుమ ఆ తెలుపు, కొసన లేత గులాబి - ఆ పొందిక ఏ రంగుడబ్బాలోనూ లేదు.

ఎత్తు మాటేమిటంటారా? ఏడు వరుసల బతుకమ్మ అడుగెత్తు వస్తుంది. నడుమెత్తు బతుకమ్మల మధ్య అది చిన్నదే, కాదనను. అంత ఎత్తు లేపడానికి కొందరు లోపల అట్టపెట్టెలు, థర్మోకోలు పెట్టి పైన పూలు అంటిస్తున్నారు. అటువంటిదానికంటె అడుగెత్తు నిండుపూల బతుకమ్మే నాకు ముద్దు. అమ్మాయికి నచ్చజెప్పే పని మీరు పెట్టుకోవద్దు. ఇప్పటినించీ గునుగు కుండీలు నాలుగు ఆ పిల్లకు అప్పజెప్పి, నీళ్లు పోసే పూచీ ఆ పిల్లదే అనండి. పండుగనాటికి ఏ వరుస ఎవరిదో తనే నలుగురికీ చెబుతుంది. తొమ్మిది రోజులూ ఏడేసి వరుసలు పేర్చాలని కూడా పట్టుపట్టకండి. మొదటి రోజుల్లో చిన్న పళ్లెంలో రెండు మూడు వరుసలు చాలును. ఆరోనాడు అలిగిన బతుకమ్మ; ఆనాడు పేర్చరు గనుక తోటకూ సెలవే. ఆ వదిలిన మొగ్గలన్నీ సద్దులనాటికి అక్కరకు వస్తాయి.

మిగిలిన పూలు వాడకుండా పారేయకండి. బొమ్మల కొలువు పెట్టుకునే ఇళ్లలో ఇత్తడి చెంబునిండా నీళ్లు పోసి నాలుగు గునుగు కంకులు, రెండు రెల్లుపూలు, కిందుగా మూడు బంతిపూలు పెట్టి చూడండి. నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, కాడలు ఏటవాలుగా కోసి, రోజూ నీళ్లు మారిస్తే బంతి అయిదారు రోజులు నిలుస్తుంది. పారిజాతాలు రాలేవే గనుక వెడల్పాటి గిన్నెలో నీళ్లమీద తేలవేయండి. మధ్యాహ్నానికి వాడినా, ఆ పూట ఇల్లంతా ఘుమఘుమలే.

నీళ్లలో వదిలేముందు పుల్లలు, దారాలు, ప్లాస్టిక్ ముక్కలు తీసి పక్కన పెట్టండి. గునుగులో ముదిరిన కంకులు నాలుగింటిని, బంతిలో బాగా పెద్దవి రెండింటిని అసలు కోయకుండా మొక్కకే వుంచి ఎండనివ్వండి. దీపావళి వెళ్లాక కోసి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, మీద పువ్వు పేరూ, సంవత్సరమూ రాసి, చెమ్మ తగలని డబ్బాలో పెట్టుకోండి. మళ్లీ ఆషాఢంలో వెదుక్కోకుండా ఆ డబ్బా ఎక్కడ పెట్టారో అత్తగారికి కూడా చెప్పి వుంచండి.