పన్ను లెక్కలో ఆలుమగలు ఒకరా, ఇద్దరా?

ఆషాఢమని మా అన్న కూతురు పుట్టింటికి మహబూబాబాద్ వచ్చింది. ఫాల్గుణంలో పెళ్ళయింది. అల్లుడిది భూపాలపల్లి, సింగరేణిలో ఉద్యోగం. రెండ్రోజులు నా దగ్గర ఉందామని రైలెక్కి జనగామ దిగింది. చాయ్ కూడా తాగకముందే సంచిలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసింది. "అత్తమ్మా, జులై 31 లోపల రిటర్న్ వెయ్యాల్నట. పెళ్ళయింది కదా, ఇద్దరిదీ కలిపి ఒక్కటే వేస్తే అయిపోదా? డల్లాస్‌ల అక్కోళ్ళు అట్లనే వేస్తరు" అంది.

అమెరికాలో ఆ వీలుంది. మన దగ్గర అసలు ఆ ఫారమే లేదు. ఏడడుగులు నడిచినా పన్నువాళ్ళకు మీరు రెండు పాన్ కార్డులే బిడ్డా అని చెప్పాను.

సరే, ఇద్దరమే అనుకుందాం. మరి ఎప్పుడూ ఇద్దరమేనా? అక్కడే నా తగాదా. మనకు కలిసొచ్చే చోట ఇద్దరంటారు, వాళ్ళకు కలిసొచ్చే చోట ఒక్కరంటారు.

లెక్క చూడండి. కొత్త పద్ధతిలో పన్నుకొచ్చే ఆదాయం మొగుడికి 8 లక్షలు, పెళ్ళానికి 8 లక్షలు అయితే ఆ ఇంటికి పన్ను సున్నా. అదే 16 లక్షలు ఒక్కడే తెస్తే 1,20,000 రూపాయలు, పైన సెస్సు. ఇంట్లోకి వచ్చింది అదే 16 లక్షలు కదా! మొదటి షిఫ్టుకు టిఫిన్ డబ్బా కట్టేది ఎవరు, అత్తగారికి వేళకు మందులిచ్చేది ఎవరు? ఆ పనికి లెక్కలో గడి లేదు. "ఆమె వేరు, ఆమెకు ఆదాయం లేదు" అంటారు.

ఇప్పుడు రెండో వైపు. ఇరవై రెండేళ్ళ కాపురం తర్వాత మా ఆయన 4 లక్షలు నా పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. ఆ డబ్బు ఇచ్చినందుకు పన్ను లేదు. దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. రిటర్న్ రాసే అతను నా వైపు కూడా చూడకుండా "అది మేడమ్‌ది కాదు, సార్‌దే" అన్నాడు. అతని తప్పేం లేదు, చట్టం అట్లనే ఉంది. పెళ్ళయ్యాక అత్తమామలు కోడలికి ఊరికే ఇచ్చిన డబ్బుదీ అంతే, వడ్డీ వాళ్ళ లెక్కలోకి పోతుంది. 2026 ఏప్రిల్‌లో కొత్త చట్టం వచ్చినా ఈ కలిపే పద్ధతి పోలేదు.

ఇది లేకపోతే మగవాళ్ళు ఆస్తులన్నీ భార్యల పేరు మీద పెట్టి పన్ను ఎగ్గొడతారు అంటారు. ఎగ్గొడతారు, ఆ మాట నిజమే. కానీ గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ కింద ఉన్న దంపతులకు, జీతం తప్ప మిగతా ఆదాయాన్ని చెరి సగం చేసి లెక్కగట్టేది ఈ దేశపు పన్ను చట్టమే. అక్కడి ఇల్లాలికి సగం, జనగామ ఇల్లాలికి సున్నానా?

అట్లని కలిపి వేసే రిటర్నే అందరికీ పెట్టమని నేననను. 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ అడిగినట్టు అది ఇష్టమున్నవాళ్ళకే ఉండాలి. స్కూల్లో చెప్పుకొని సంపాదించే పిల్ల రెండు లక్షలు మొగుడి జీతం మీద పోసి లెక్క కడితే, "నీ జీతం పన్నుకే పోతుంది, ఇంట్లో ఉండు" అనే నోళ్ళు మన దగ్గర తక్కువా?

మా పిల్లది అదే ఉద్యోగం. పన్ను పడేంత ఆదాయం లేదు, రిటర్న్ వేయకపోయినా అడిగేవాళ్ళు లేరు. అయినా వేయించాను, తన పాన్ మీద, తన పేరుతో. మా అన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన 3 లక్షల వడ్డీ అందులోనే చూపించాం. తల్లిగారు ఇచ్చింది ఎవరి లెక్కలోకీ పోదు, అది పూర్తిగా దానిదే. భూపాలపల్లి నుంచి అల్లుడు ఫోన్ చేసి "కలిపి వేద్దామంటివి కదా" అన్నాడు. "మీది మీరు వేసుకోండి, నాది అయిపోయింది" అని చెప్పి నవ్వింది.