పుండు మానింది, రోగం పోలేదు

“ఆయన ఇచ్చిన పసరు తాగితే నెల తిరక్కుండా పుండు మానిపోయింది. కళ్లారా చూశాను. ఇంకేం రుజువు కావాలి?” సుఖవ్యాధులకు నాటుమందులు, తాయెత్తులు, మొక్కులు పనిచేస్తాయనేవాళ్లు చూపే పెద్ద సాక్ష్యం ఇదే. వాళ్లు అబద్ధమాడటం లేదు. పుండు నిజంగానే మానింది. పసరు వల్ల మానిందనుకోవడమే పొరపాటు.

సవాయి రోగం, అంటే సిఫిలిస్, సోకిన సుమారు మూడు వారాలకు మర్మాంగం మీద నొప్పిలేని పుండు లేస్తుంది. ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానుతుంది. తర్వాత ఒంటిమీద, అరిచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు రావచ్చు. అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. రోగి పసరు తాగినా, కొండకు మొక్కినా, ఊరికే కూర్చున్నా జరిగేది ఇంతే. కాకి వాలింది, తాటిపండు పడింది. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. కొందరికి పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండె, మెదడు, కళ్లు దెబ్బతింటాయి. గర్భిణి నుంచి కడుపులో బిడ్డకూ సోకుతుంది. బిడ్డ చచ్చి పుట్టినప్పుడు దిష్టి తగిలిందంటారు, గ్రహదోషమంటారు. పసరు ఇచ్చినాయన్ని నిలదీసేవాళ్లుండరు.

నార్వేలోని ఓస్లో నగరంలో బోక్ అనే వైద్యుడు 1890ల నుంచి 1910 దాకా సుమారు రెండు వేల మంది సిఫిలిస్ రోగులకు మందివ్వలేదు. అప్పట్లో వాడే పాదరసం కీడే ఎక్కువ చేస్తుందని ఆయన అభిప్రాయం. తర్వాతి పరిశోధకులు ఆ రోగుల జీవితాలను ఆరా తీశారు. దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ముదిరిన రోగం తాలూకు తీవ్ర లక్షణాలు కనబడలేదు. అంటే, వందమందికి ఉత్త నీళ్లు పోసిన స్వామి కూడా అరవై మందికి పైగా సాక్షులను నిలబెట్టగలడు! మిగిలినవాళ్లు సాక్ష్యం చెప్పడానికి రారు. అందుకే ‘తగ్గింది కదా’ అన్న మాట రుజువు కాదు. మందు లేకపోతే ఏం జరిగేదన్నది కూడా తేలాలి.

మూత్రంలో మంట పుడితే మనవాళ్లు ‘వేడి చేసింది’ అని మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు ఇస్తారు. నీళ్లు తక్కువ తాగినా మంట రావచ్చు, కాదనను. కానీ చీము కూడా పడుతుంటే అది సెగరోగం, అంటే గనేరియా కావచ్చు. ఆడవాళ్లలో చాలామందికి ఇది సోకినట్టే తెలియదు. లోలోపల గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవచ్చు. అప్పుడు నింద ఆమెది, ఉపవాసాలు ఆమెవి, చెట్టు చుట్టూ ప్రదక్షిణలూ ఆమెవే. రోగం తెచ్చిన మొగుణ్ని పరీక్షకు రమ్మనేవాళ్లుండరు.

సిగ్గు ఉన్నచోట వ్యాపారం పుడుతుంది. బస్టాండు గోడల మీద ‘గుప్తరోగాలు, నరాల బలహీనత’ ప్రకటనలు చూడండి. ఒక్క చుక్క వీర్యం ఎన్నో చుక్కల రక్తంతో సమానమని ముందు భయపెడతారు, తర్వాత లేహ్యం అమ్ముతారు. సుఖవ్యాధులు నయం చేస్తామనీ, లైంగిక శక్తి పెంచుతామనీ మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. చట్టం ఉంది, గోడలు మాత్రం మారలేదు. ఈ అపోహల మీద విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన డాక్టర్ సమరం పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తూ దశాబ్దాల తరబడి రాస్తూ వచ్చారు. ఆ ప్రశ్నలు పాఠశాల పుస్తకంలోనే తేలిపోయి ఉంటే పాఠకులు పత్రికకు చాటుగా ఉత్తరాలు రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

శాస్త్రం చెప్పేది సూటిగానే ఉంటుంది. తొలిదశ సిఫిలిస్‌కు సాధారణంగా ఒక్క మోతాదు బెంజథీన్ పెన్సిలిన్ చాలు. గనేరియాకు మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగితే రోగం పోకపోగా, క్రిమి మందుకు మొండికేస్తుంది. కండోమ్ సరిగ్గా, ప్రతిసారీ వాడితే హెచ్.ఐ.వి., గనేరియా ముప్పు బాగా తగ్గుతుంది. చర్మం తగిలి సోకే హెర్పిస్, పులిపిర్ల విషయంలో రక్షణ కొంత తక్కువ. హెపటైటిస్ బి, హెచ్.పి.వి. వైరస్‌లకు టీకాలున్నాయి. కలయిక తర్వాత డెటాల్‌తోనో నిమ్మరసంతోనో కడుక్కుంటే రక్షణ రాదు, పైగా చర్మం చిట్లి ముప్పు పెరుగుతుంది. చూడ్డానికి శుభ్రంగా ఉన్నారనో, మంచి కుటుంబమనో నమ్మడం కూడా తాయెత్తు కట్టుకోవడం లాంటిదే.

జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సలహా, మందులు ఉచితం. 1097కు ఫోన్ చేస్తే పేరు చెప్పకుండానే సందేహాలు అడగవచ్చు. హెచ్.ఐ.వి. పరీక్ష మీ సమ్మతితోనే చేయాలనీ, ఫలితం గోప్యంగా ఉంచాలనీ 2017 చట్టం చెబుతోంది. దంపతుల్లో ఒకరే మందు వాడితే రోగం రెండోవారి నుంచి మళ్లీ వస్తుంది. కాబట్టి అనుమానమొస్తే ఇద్దరూ కలిసి వెళ్లండి, ఇద్దరూ పరీక్ష చేయించుకోండి.